గోడ అవతలి పాట

ఊరి కౌన్సిలు మనిషి వచ్చేసరికి విల్ఫ్ ఎంట్‌విజిల్ నేలమాళిగలో కొత్త పీపాకి చెక్క మేకు దిగ్గొడుతున్నాడు. అది నిదానం మీద చెయ్యాల్సిన పని. దెబ్బ ఒకటి ఎక్కువ పడిందా, నురగ ఎగజిమ్మి చొక్కా తడిపేస్తుంది. తక్కువ పడిందా, లోపలి బీరుకి ఊపిరాడదు. మేకు చుట్టూ బుడగలు సన్నగా పొంగి అణిగేదాకా అతను చెవి పీపాకి ఆనించి కూర్చుంటాడు. పొద్దున్నే ఆ చల్లటి చీకట్లో, ఆ చిన్న బుసబుస తప్ప మరేమీ వినిపించని ఆ కాసేపూ అతనికి గుళ్ళో కూర్చున్నట్టు ఉంటుంది.

"విల్ఫ్, ఎవరో వచ్చారు," అని మెట్ల మీంచి భార్య ఫ్రీడా పిలిచింది. "టై కట్టుకున్నాడు."

హాబ్సన్ వీధికి టై కట్టుకున్నవాళ్ళు శవం లేచినప్పుడు తప్ప రారు. రెండు వైపులా ఒకదాని భుజానికొకటి ఆనుకుని నిలబడ్డ ఇటుక ఇళ్ళు, మధ్యలో ఒకింటికి మాత్రం గుమ్మం పైన నాగలి బొమ్మ వేసిన బోర్డు. ఆ బోర్డు చూడకపోతే అది పబ్బని తెలియదు. ఇళ్ళకున్న కిటికీలే దానికీ ఉన్నాయి, ఇళ్ళకున్న గుమ్మమే దానికీ ఉంది. వీధి జనం దాన్ని 'నాగలి' అంటారు. అందులో పాటల పెట్టె లేదు, టీవీ లేదు. విల్ఫ్ పెట్టనివ్వలేదు. "పాట కావాలంటే బస్టాండు దగ్గరికి పొండి, అక్కడ చెవులు చిల్లులు పడేలా వాయిస్తారు," అనేవాడు. వచ్చేవాళ్ళు వచ్చేది కూడా అందుకే. డామినో బిళ్ళ బల్ల మీద టక్కుమనడం, బీరు పంపు పిడి కిర్రుమనడం, ఎవరో ఒకరు సన్నగా దగ్గడం. నాగలిలో అంతకు మించిన రొద లేదు.

టై కట్టుకున్నతను కుర్రవాడు. పేరు టాటర్సాల్ అని చెప్పాడు. తడిసిన కోటు ఎక్కడ పెట్టాలో తెలియక చేతి మీదే వేసుకుని నిలబడ్డాడు.

"మీ పబ్బు మీద ఫోనులో ఫిర్యాదు వచ్చిందండీ. గోల ఎక్కువగా ఉంటోందని."

విల్ఫ్ చేతిలో సుత్తి ఇంకా అలాగే ఉంది. అతను నవ్వాడు. కుర్రవాడు నవ్వలేదు.

"గోలా? ఇక్కడా? బాబూ, నువ్వు దారి తప్పి వచ్చావు."

"అడ్రసు ఇదేనండీ. ఎవరో చెప్పకూడదు. ఈ వీధిలో ఉండేవాళ్ళే అని మాత్రం చెప్పగలను."

"ఈ వీధిలోనా?"

"అవునండీ. మళ్ళీ ఫిర్యాదొస్తే చప్పుడు కొలిచే మిషను పెట్టి చూస్తాం. నిజమని తేలితే తెరిచే వేళలు తగ్గించమని లైసెన్సిచ్చేవాళ్ళకి రాస్తాం. అంతకు ముందు ఒకసారి మాటగా చెప్పడం మా పద్ధతి."

గుమ్మం దగ్గర ఇత్తడి పిడి తుడుస్తున్న ఫ్రీడా గుడ్డ ఆపింది. "తగ్గించడమంటే పూర్తిగా మూయించడమా?" అంది.

"అబ్బే, అంతదాకా రాదమ్మా."

ఆవిడ మళ్ళీ పిడి తుడవడం మొదలుపెట్టింది. పాపం భయపడిందని విల్ఫ్ అనుకున్నాడు.

కుర్రవాడు వెళ్ళిపోయాక విల్ఫ్ గుమ్మంలోకి వచ్చి వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా చూశాడు. ప్రతి కిటికీకీ తెల్లటి తెర ఉంది. ఇన్నేళ్ళలో ఆ తెరల వెనక ఎవరున్నారో అతనికి అనుమానం వచ్చింది లేదు. ఇవాళ మాత్రం ఒక్కో తెరా తనని చూసి చటుక్కున జరిగినట్టే అనిపించింది.

మధ్యాహ్నానికి సంగతి బయట పడింది. పడకపోతే ఆశ్చర్యం గాని. పంపులకి అవతల కూర్చున్నది ఆర్నాల్డ్ మరి. పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉత్తరాలు పంచడం మానేశాడు గాని కబుర్లు పంచడం మానలేదు. అతని ఎదురుగా డామినో బిళ్ళలు చేతుల్లో దాచుకుని మలకీ కూర్చున్నాడు. ఐర్లండు నుంచి రోడ్డు పనులకొచ్చి ఇక్కడే ముసలివాడైపోయినవాడు. వీధి చివర ఒక గదిలో ఉంటాడు. ఒక పింటు బీరుని సాయంత్రం దాకా సాగదీస్తాడు. ఇప్పటిదాకా ఎవరి గురించీ చెడు మాట్లాడి ఎరగడు, అందుకే ఆర్నాల్డ్‌కి అతనితో ఆడటమంటే ఇష్టం. మాట్లాడే వంతెప్పుడూ తనదే అవుతుంది.

"చూడవోయ్ విల్ఫ్," అన్నాడు ఆర్నాల్డ్, బిళ్ళ ఆనిస్తూ. "మీ నాన్న హయాంలో గాని, నీ హయాంలో గాని ఒక్క ఫిర్యాదొచ్చిందా?"

"లేదు."

"ఈ వీధిలో అందరూ ఎప్పట్నించో ఉన్నవాళ్ళే కదా?"

"ఊఁ."

"ఒక్కరు తప్ప."

విల్ఫ్ తుడుస్తున్న గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూశాడు. మరక లేదు. అయినా మళ్ళీ తుడిచాడు.

ఆ ఒక్కరూ గ్లెనిస్ ప్రిచర్డ్. వేసవి చివర్లో పక్కింట్లో దిగింది. వేల్స్ మనిషి, నలభై దాటి ఉంటాయి, ఒక్కతే ఉంటుంది. చీకటి పడే వేళకి చేతిలో రేకు డబ్బాతో బయల్దేరి, పాలబండి వచ్చే వేళకి తిరిగొస్తుంది. ఆవిడ ఇంటికీ నాగలికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క ఇటుక గోడ.

"పగలంతా పడుకునే మనిషి," అన్నాడు ఆర్నాల్డ్. "నీ పీపాలు పొద్దున్నేగా దొర్లేది. ఇంకెవరికి మండుతుంది?"

"పడుకునే మనిషి రోజూ ఇక్కడికెందుకొస్తుంది?" అన్నాడు మలకీ.

"అక్కడే ఉంది కిటుకు. వచ్చి ఏం తాగుతుంది చెప్పు? నిమ్మ సోడా. పబ్బుకొచ్చి నిమ్మ సోడా తాగేవాళ్ళని నమ్మకూడదు. గోడ వార కూర్చుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు. వింటూ ఉంటుంది."

విల్ఫ్‌వాళ్ళు కాపురముండే పై అంతస్తులో చెక్క నేల కిర్రుమంది. విల్ఫ్ అటు చూడకుండానే మూలనున్న చీపురు అందుకుని, దాని కర్రతో పైకప్పుని రెండు పోట్లు పొడిచి, మళ్ళీ మూలకి చేర్చాడు. పైన సద్దుమణిగింది. అది వాళ్ళెవరూ గమనించనంత మామూలు సంగతి.

అంతలో తలుపు తీసుకుని గ్లెనిస్ వచ్చింది. జుట్టు ఒకవైపు దిండుకి అణిగి ఉంది, అప్పుడే లేచినట్టుంది. "నిమ్మ సోడా ఇస్తారా," అని గోడ వార బల్ల దగ్గర కూర్చుంది. ఆర్నాల్డ్ మాట ఆపేసి మోచేతితో మలకీని పొడిచాడు. గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. అది రోజూ ఉండే నిశ్శబ్దం కాదు. ఆవిడకీ తేడా తెలిసినట్టుంది, తలెత్తి చుట్టూ చూసింది. తర్వాత మళ్ళీ తల వాల్చి, కళ్ళు సగం మూసుకుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

వింటోంది. ఆర్నాల్డ్ చెప్పింది నిజమే. విల్ఫ్ కళ్ళారా చూస్తున్నాడు కదా, ఆ మనిషి వింటోంది.

మర్నాడు పబ్బు తెరవకముందే విల్ఫ్ ఒక పని చేశాడు. చేస్తున్నప్పుడే సిగ్గేసింది గాని ఆపలేదు. అప్పుడే కడిగిన ఖాళీ గ్లాసొకటి తీసుకుని, పక్కింటి గోడకి బోర్లించి, అడుగుకి చెవి ఆనించాడు. తన చెవిలో నెత్తురు కొట్టుకోవడమే ముందు వినిపించింది. తర్వాత ఏదో రేడియో. పాత పాట, నాట్యశాలల్లో వాయించే రకం. ఆ పాటతో పాటు ఒక ఆడగొంతు కూడా వస్తోంది. పైకి వెళ్ళాల్సిన చోట తడబడకుండా వెళ్ళి, కిందికి దిగేటప్పుడు తొందర లేకుండా దిగుతోంది. మంచి గొంతు. అది మంచి గొంతని ఒప్పుకోవాల్సి వచ్చినందుకు విల్ఫ్‌కి ఒళ్ళు ఇంకా మండింది. మంది గోల మీద ఫిర్యాదు చేసిన మనిషి పట్టపగలు ఇంట్లో కచేరీ పెట్టుకుంటుందా?

పాట అయిపోయేదాకా చెవి తియ్యలేదు.

ఫ్రీడాతో చెబుదామని పబ్బు వెనక వంటింట్లోకి వెళ్ళాడు. ఆవిడ లేదు. పొయ్యి మీద కెటిల్ చల్లగా ఉంది. వెనక సందు తలుపు చప్పుడైంది. కాసేపటికి బుగ్గలు ఎర్రబడి ఫ్రీడా లోపలికి వచ్చింది, చేతిలో ఖాళీ పళ్ళెం.

"ఎక్కడికెళ్ళావు?"

"పక్కింటికి. రెండు బన్నులు ఎక్కువ చేశాను, ఇచ్చొచ్చాను."

"ఆవిడ ఏమడిగింది?"

"ఏమడుగుతుంది?"

"మన గురించి. వేళల గురించి, పీపాల గురించి. ఎవరెవరొస్తారు, ఎప్పుడు పోతారు అని?"

ఫ్రీడా పళ్ళెం కడిగి, తుడిచి, దాని చోట్లో దాన్ని పెట్టింది. అప్పుడు గాని ఇటు తిరగలేదు. "ఆవిణ్ణి వదిలెయ్, విల్ఫ్," అంది. "నీకేం చేసింది?"

"నువ్వెందుకు వెనకేసుకొస్తున్నావు?"

ఫ్రీడా చల్లారిన కెటిల్ కింద పొయ్యి వెలిగించింది. విల్ఫ్‌కి మాత్రం అంతా తేటతెల్లమైంది. అమాయకురాలైన తన భార్యని బన్ను ముక్క దగ్గర కూర్చోబెట్టుకుని ఆ వేల్స్ మనిషి కూపీ లాగుతోంది. ఆ తర్వాతి రోజు కూడా అదే వేళకి వెనక తలుపు చప్పుడు విన్నాడు. నేలమాళిగలో పీపాకి చెవి ఆనిస్తే బుడగల బుసబుస వినిపించలేదు, ఆ తలుపే వినిపించింది. పోసిన పింటులో నురగ మరీ ఎక్కువైందని ఆర్నాల్డ్ అంటే, "తాగితే తాగు, లేకపోతే పో," అన్నాడు. నాగలిలో అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆర్నాల్డ్ నురగతోనే గ్లాసు పట్టుకెళ్ళి కూర్చున్నాడు.

శుక్రవారం సాయంత్రం వీధి సగం నాగలిలోనే ఉంటుంది. వారం గడిచిందన్న తృప్తితో కాళ్ళు చాపుకుని కూర్చునే జనం. చలికి కిటికీలు ఆవిరి పట్టాయి. వెనక వంటింట్లో ఫ్రీడా మాంసం పెట్టిన పైలు పొయ్యిలోంచి తీస్తోంది, ఆ వాసన గదంతా పరుచుకుంది. ఒకళ్ళు గట్టిగా మాట్లాడితే పక్కవాళ్ళు చూసే చూపుకి గొంతు దానంతటదే తగ్గిపోయే చోటది. ఆ రోజు మాత్రం గొంతులు తగ్గినా మాటలు ఆగలేదు. అన్నీ ఒకే సంగతి మీద.

గ్లెనిస్ వచ్చింది. ఆ రోజు చేతిలో రేకు డబ్బా లేదు. జుట్టు దువ్వుకుని, నీలం రంగు స్వెట్టరు వేసుకుంది. నేరుగా పంపుల దగ్గరికి వచ్చి, మొదటిసారి నవ్వుతూ అడిగింది.

"ఇవాళ నాకు సెలవు, విల్ఫ్ గారూ. నల్ల బీరు ఒక అర పింటు పొయ్యండి. చాలా రోజులనించి ఎదురుచూస్తున్నాను."

విల్ఫ్ చెయ్యి అలవాటుగా పంపు పిడి మీదికి వెళ్ళింది. వెనక నుంచి ఆర్నాల్డ్ గొంతు వినిపించింది, ఎవరితోనో అంటున్నట్టు, అందరికీ వినబడేలా: "జాగ్రత్తగా పొయ్యవోయ్. చప్పుడవుతుందేమో."

ఎవరో కిసుక్కుమన్నారు. విల్ఫ్ పిడి మీంచి చెయ్యి తీశాడు. భుజం మీది తువ్వాలు తీసి, విప్పి, పిడి మీద కప్పాడు. పబ్బు కట్టేసేటప్పుడు వేసే తువ్వాలది.

"నీకిక్కడ పొయ్యను," అన్నాడు.

"ఎందుకని?"

"ఎందుకో నీకే తెలుసు. చాటుగా ఫోన్లు చేసేవాళ్ళకి నా గ్లాసులో పొయ్యను. మా గోల నీకు పడనప్పుడు మధ్యలో కూర్చుని వినడం దేనికి?"

ఆవిడ ముఖంలోంచి నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండిపోయింది. అప్పుడే వంటింటి తలుపు మోచేత్తో నెట్టుకుని ఫ్రీడా పైల పళ్ళెంతో వచ్చింది. వచ్చి, ఆగిపోయింది. గ్లెనిస్ ఆవిడ వైపు చూసింది. ఇద్దరి మధ్యా ఏదో కదిలింది, విల్ఫ్ చూశాడు. తన అనుమానానికి అదొక సాక్ష్యంలా పట్టుకున్నాడు.

"సరే, విల్ఫ్ గారూ," అంది గ్లెనిస్ మెల్లగా. జనం తప్పుకుని దారిచ్చారు. అందరూ తమ గ్లాసుల్లోకే చూసుకున్నారు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళింది.

ఫ్రీడా పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడి ఉంది. పైల మీది ఆవిరి ఆవిడ ముఖానికి తగులుతోంది.

మలకీ లేచాడు. అతని గ్లాసులో ఇంకా సగానికి పైగా ఉంది. టోపీ పెట్టుకున్నాడు. "మాకూ ఒకప్పుడు ఈ ఊళ్ళో కొన్ని చోట్ల పోసేవాళ్ళు కాదు," అన్నాడు. "ఐర్లండు వాళ్ళకి ప్రవేశం లేదని కిటికీలో అట్ట పెట్టేవాళ్ళు. నీ అంత మర్యాదగా తువ్వాలు కప్పలేదులే." కోపంగా అనలేదు. అని, వెళ్ళిపోయాడు.

ఆ సగం గ్లాసు చాలాసేపు బల్ల మీదే ఉంది. తీసి పారబొయ్యడానికి విల్ఫ్‌కి చెయ్యి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకి నాగలి కట్టేస్తారు, మళ్ళీ సాయంత్రమే తెరవడం. విల్ఫ్ కింద కుర్చీలు సర్ది పైకి వచ్చాడు. పై వంటింట్లో బల్ల, రెండు కుర్చీలు, వీధి మీదికి కిటికీ. ఫ్రీడా బంగాళాదుంపల తొక్క తీస్తోంది. తొక్క తెగకుండా ఒకే పట్టీగా సాగుతోంది.

"ఆ ఫోను నేనే చేశాను," అంది.

"ఏ ఫోను?"

"కౌన్సిలుకి."

విల్ఫ్ ఆవిడ ముఖంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆవిడ నేర్పిందా ఇలా చెప్పమని? జాలిపడి నెత్తినేసుకుంటున్నావా?"

"బస్టాండు దగ్గర ఫోను డబ్బాలోంచి చేశాను. ఎత్తిన అమ్మాయి పేరడిగింది, చెప్పాను. ఇంటి నంబరడిగింది, చెప్పాను. అది పబ్బు నంబరే కదమ్మా అంది. అవునమ్మా, నేనుండేది దాని నెత్తి మీదే అన్నాను."

కత్తి ఆగలేదు. విల్ఫ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెప్పేది అబద్ధమైతే ఫ్రీడా మెడ మీద ఎర్రటి మచ్చలు లేస్తాయి. ఎప్పుడూ అంతే. అతను మెడ వైపు చూశాడు. తెల్లగా ఉంది.

"గోలెక్కడుంది ఫ్రీడా ఇక్కడ?"

"లేదు. అబద్ధమే చెప్పాను. గోల లేదని ఫిర్యాదు చేస్తే తీసుకోరు కదా."

"అంటే?"

ఆవిడ బంగాళాదుంప కింద పెట్టింది. "నీ పబ్బులో పాట ఉండదని అందరికీ ఇష్టం. మంచిదే. దాని నెత్తి మీదున్న ఇంట్లో కూడా ఉండకూడదు మరి. రేడియో పెడితే చీపురు కర్ర. కుర్చీ జరిపితే చీపురు కర్ర. చెప్పులేసుకుని నడిచి ఎంత కాలమైందో నాకే గుర్తులేదు. మేజోళ్ళతో పిల్లిలా తిరుగుతున్నాను నా ఇంట్లో నేను. కిందవాళ్ళకి హాయిగా ఉండాలి కదా. రోజూ ఉండాలి. ఒక్క రోజు, వారానికి ఒక్క రోజు వాళ్ళు వేరే ఎక్కడైనా హాయిగా ఉండొచ్చు కదా అనిపించింది. నీతో చెబితే ఏమంటావో తెలుసు. నవ్వుతావు. కౌన్సిలు వాళ్ళు చెబితే వింటావని..."

"నాతో అనొచ్చుగా."

"అన్నాను. రెండు మూడుసార్లు అన్నాను. అప్పుడు నువ్వు గ్లాసులు తుడుస్తున్నావు."

విల్ఫ్ బల్ల మీది తొక్క పట్టీని వేలితో పక్కకి జరిపాడు. కొంతసేపటికి కోపం వెతుక్కుని తెచ్చుకున్నాడు. అది లేకపోతే ఏం పట్టుకుని కూర్చోవాలో తోచలేదు.

"పాటా? నువ్వెప్పుడు పాడావు?"

"పక్కింట్లో పాడతాను. గ్లెనిస్ రేడియో పెడుతుంది, నేను పాడతాను. మొన్న గోడకి గ్లాసు పెట్టి విన్నావుగా. గోడ మీద గుండ్రటి తడి చార నేనే తుడిచాను. ఎవరనుకున్నావు?"

అతను కిటికీ వైపు తిరిగాడు. వీధిలో ఎవరూ లేరు. పైకెళ్ళాల్సిన చోట తడబడకుండా వెళ్ళిన ఆ గొంతు మళ్ళీ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనిషి గొంతుని గోడ అవతల నుంచి వింటే పరాయిదనుకున్నాడు. పైగా పగ పెట్టుకుని విన్నాడు.

"శుక్రవారం నువ్వెందుకు నోరు విప్పలేదు?" అన్నాడు చివరికి.

ఇప్పుడు ఫ్రీడా తల దించుకుంది. "భయమేసింది. అంతమంది ముందు. ఆవిడకి ముందే తెలుసు, గురువారం చెప్పాను. నేను నోరు తెరవబోతే వద్దని తల ఊపింది. నేనూ ఊరుకున్నాను. అంతకంటే పాడు పని నేనెప్పుడూ చెయ్యలేదు, విల్ఫ్. నువ్వు తెలియక చేశావు. నేను తెలిసి ఊరుకున్నాను."

ఆ మధ్యాహ్నం బంగాళాదుంపలు ఉడకలేదు. ఇద్దరూ రొట్టె, జున్ను తిన్నారు.

సోమవారం సాయంత్రం పబ్బు తెరిచాక, పంపుల దగ్గర ఫ్రీడాని నిలబెట్టి, విల్ఫ్ వెనక సందులోంచి పక్కింటి తలుపు తట్టాడు. గ్లెనిస్ ఇస్త్రీ చేస్తోంది. బల్ల మీద రేకు డబ్బా తెరిచి ఉంది, అందులో రెండు రొట్టె ముక్కలు, ఒక ఆపిలు. అతన్ని చూసి ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. రమ్మనలేదు, వద్దనలేదు. విల్ఫ్ గుమ్మంలోనే ఆగాడు.

"తప్పు చేశాను," అన్నాడు. "ఎలా చెప్పాలో నాకు రాదు. అది నువ్వు కాదని తెలిసింది."

"చెప్పిందా ఆవిడ?" గ్లెనిస్ మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. "హమ్మయ్య. మోస్తూ చచ్చిపోయింది పాపం."

"నువ్వెందుకు మోశావు?"

"నాకేముంది? నేను కొత్తదాన్ని. కొత్తవాళ్ళని అనుమానించడం ఎక్కడైనా ఉన్నదే. ఆవిడ ఈ వీధిలోనే బతకాలి."

చొక్కా కాలరు మీద పెట్టె జరుగుతుంటే ఆవిరి లేచింది. అప్పుడు విల్ఫ్ చూశాడు, అది రైల్వే చొక్కా.

"సిగ్నల్ క్యాబిన్‌లో పని," అంది ఆవిడ అతని చూపు గమనించి. "కొండల దగ్గర. రాత్రంతా ఒక్కదాన్నే. గంట మోగితే మీటలు లాగాలి, బండి పోతుంది, మళ్ళీ ఏమీ ఉండదు. డ్యూటీకి ముందు తాగకూడదు, అందుకే నిమ్మ సోడా. మీ ఆర్నాల్డ్ గారికి అది పెద్ద నేరంలా తోచింది."

"వింటూ కూర్చుంటావని..."

"వింటాను. ఎందుకు వినను?" ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, చేత్తో గోడ చూపించింది. "నిలబడండి ఒక్క నిమిషం."

విల్ఫ్ నిలబడ్డాడు. గోడలోంచి వస్తోంది. మాటలు తెలియవు, మాటల ఊపు తెలుస్తుంది. ఆర్నాల్డ్ ఏదో చెబుతున్నాడు. టక్కుమని బిళ్ళ. కుర్చీ కాళ్ళు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పుట్టినప్పటి నుంచి ఆ నాలుగు గోడల మధ్యే బతికాడు గాని, నాగలిని అవతల నుంచి విని ఎరగడు. పక్క గదిలో సొంతవాళ్ళు మెలకువగా ఉండి, పడుకున్న పిల్లలు లేస్తారని మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు ఉంది.

"ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు అద్దె ఇళ్ళ ఏజెంటు క్షమించమన్నాడు," అంది గ్లెనిస్. "పక్కన పబ్బుందండీ, అద్దె తగ్గిస్తాం అన్నాడు. నేనీ గోడ విని ఇల్లు తీసుకున్నాను."

విల్ఫ్ ఇంకాసేపు ఆ గోడ వైపే చెవి పెట్టాడు. తర్వాత, "వచ్చి తాగు. ఏది కావాలంటే అది," అన్నాడు.

"ఇవాళ డ్యూటీ. రేపు కూడా. ఆ తర్వాత చూద్దాం." చొక్కా మడత పెట్టింది. "నన్ను పిలవడం తేలికే, విల్ఫ్ గారూ. వాళ్ళకేం చెబుతారు?"

అదే అతనికీ తెలియలేదు. సందులో నాలుగడుగులు వేశాడు, ఆగాడు. ఈవిడ తప్పు లేదంటే, మరెవరని అడుగుతారు. ఆర్నాల్డ్ అడక్కుండా ఉండడు. ఫ్రీడా పేరు చెబితే రేపటికి రొట్టెల కొట్లో అదే మాట, చర్చిలో అదే మాట. చెప్పకపోతే తువ్వాలు కప్పింది కప్పినట్టే ఉంటుంది. చలికి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. లోపల తన బదులు ఫ్రీడా పంపు లాగుతున్న చప్పుడు వినిపించింది.

లోపలికి వెళ్ళి పంపుల వెనక నిలబడ్డాడు. ఫ్రీడా పక్కకి జరిగింది. గదిలో ఆర్నాల్డ్, ఇంకో అయిదారుగురు ఉన్నారు. మలకీ కూడా వచ్చాడు, గోడ వార బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు.

"అందరూ ఒకసారి ఇటు చూడండి," అన్నాడు విల్ఫ్. నాగలిలో ఎవరూ అలా అనరు. అందరూ చూశారు. "పక్కింటావిడ ఏ ఫిర్యాదూ చెయ్యలేదు. శుక్రవారం నేను చేసింది వెధవ పని. ఆవిడకి చెప్పొచ్చాను. మీకూ చెబుతున్నాను."

"మరెవరు చేసినట్టు?" అన్నాడు ఆర్నాల్డ్.

విల్ఫ్ పక్కన ఫ్రీడా ఊపిరి పీల్చడం వినిపించింది. ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేనే చేశాను."

ఆర్నాల్డ్ నోరు కాసేపు తెరుచుకునే ఉంది. "నీ పబ్బు మీద నువ్వే?"

"అవును. నీ గొంతు మరీ ఎక్కువైంది, ఆర్నాల్డ్."

"మతి పోయిందా నీకు? మరి ఆ ఆడమనిషిని ఎందుకు..."

"మతి పోబట్టే. ఇకనుంచి సోమవారాలు నాగలి మూత. కౌన్సిలు చెప్పక్కర్లేదు, నేనే మూస్తున్నాను."

ఎవరూ నమ్మలేదు. ఆర్నాల్డ్ కళ్ళు విల్ఫ్ మీంచి ఫ్రీడా మీదికి, ఫ్రీడా మీంచి గోడ మీదికి తిరిగి, మళ్ళీ విల్ఫ్ దగ్గరికి వచ్చాయి. ఇన్నేళ్ళు తనకి పోసిన చేతిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఏదో ఉంది, తనకి చెప్పడం లేదు. ఆ అనుమానం అతని ముఖం మీంచి ఆ సాయంత్రం దిగలేదు, ఆ తర్వాత కూడా చాలాకాలం దిగలేదు. నాలుగు రోజులు అలిగి బస్టాండు దగ్గరి పబ్బుకి వెళ్ళాడు. అక్కడ పాటల మోత మధ్య తన మాట తనకే వినబడక తిరిగొచ్చాడు. వచ్చినా, గ్లాసు అందుకునే ముందు విల్ఫ్ ముఖం ఒకసారి పరీక్షగా చూడటం మాత్రం అలవాటైపోయింది. విల్ఫ్ భరించాడు. ఆ చూపు ఎలా ఉంటుందో ఇప్పుడు అతనికి తెలుసు.

మొదటి మూత సోమవారం వాన పట్టింది. విల్ఫ్‌కి చేతులేం చేసుకోవాలో తెలియలేదు. రెండుసార్లు కిందికి వెళ్ళి, పీపాలు చూసి వచ్చాడు. పై వంటింట్లో ఒక కుర్చీలో ఫ్రీడా, ఇంకో కుర్చీలో గ్లెనిస్. ఆవిడకి ఆ రోజు సెలవు, అర పింటు నల్ల బీరు ముందు పెట్టుకుని కూర్చుంది. విల్ఫ్ బొగ్గుల పెట్టె మీద కూర్చున్నాడు. ఫ్రీడా కాళ్ళకి మడమలున్న చెప్పులు వేసుకుంది. బల్ల దగ్గర నుంచి పొయ్యి దాకా నడిస్తే టకటకమంటున్నాయి. ఆవిడ అవసరం లేకపోయినా రెండు మూడుసార్లు నడిచింది. రేడియోలో పాటొస్తే మొదట పెదవులు మాత్రం కదిపింది, భర్త వైపు చూసి, తర్వాత గొంతు విప్పింది.

రెండో చరణంలో ఉండగా కింద వీధి తలుపు గడియ కదిలింది. ఎవరో నెట్టి చూశారు. ఆగి, మళ్ళీ నెట్టారు. విల్ఫ్ పెట్టె మీంచి సగం లేచాడు. ఫ్రీడా పాడుతూనే అతన్ని చూసింది. అతను మళ్ళీ కూర్చున్నాడు. చూపు మాత్రం నేల మీదే ఉంది.

ఆవిడ పాట ఆపి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద మలకీ, టోపీ మీంచి వాన కారుతోంది. మూత అని గుర్తులేక వచ్చాడో, గుర్తుండీ వచ్చాడో. వీధికి అటూ ఇటూ చూస్తూ, ఏ వైపు వెళ్ళాలో తెలియక నిలబడ్డాడు. అతని గది వీధి చివరే. అటు మాత్రం నడవడం లేదు.

ఫ్రీడా కిటికీ తలుపు పైకి లేపింది.

"మలకీ, వెనక గుమ్మం తీసే ఉంది. పైకి రా. కాని ఇక్కడ పాటలుంటాయి, ముందే చెబుతున్నాను."

మలకీ తలెత్తి చూశాడు. వానలో నిలబడే కాసేపు ఆలోచించాడు, అది చిన్న విషయం కాదన్నట్టు. ఆ తర్వాత సందు వైపు తిరిగాడు.

విల్ఫ్ లేచి, దీపం వెయ్యకుండానే మెట్లు దిగి, చీకటిగా ఉన్న నాగలిలోకి వెళ్ళాడు. గోడ వార బల్ల దగ్గరి కుర్చీ ఒకటి ఎత్తి భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, తన కోసం ఇంకొకటి కూడా తీసుకున్నాడు.